తొమ్మిది గ్రహాల పుస్తకం పనికిరాదా?

బడి గ్రంథాలయంలోని పాత పుస్తకం తెరిస్తే సూర్యుడి చుట్టూ తొమ్మిది గ్రహాలు. కొత్త పుస్తకంలో ఎనిమిదే. ఏది నిజమని పిల్లలు అడుగుతారు.

1930లో కనుగొన్న ప్లూటోను తొమ్మిదో గ్రహంగా లెక్కించారు. 1992 నుంచి నెప్ట్యూన్‌కు ఆవల అలాంటి మంచు వస్తువులు మరెన్నో బయటపడ్డాయి. 2005లో ప్రకటించిన ఎరిస్ దాదాపు ప్లూటో అంత ఉంది. మరి వీటన్నిటినీ గ్రహాలు అనాలా? 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం నిర్వచనం ఇచ్చింది: గ్రహం సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య పరిసరాల్లో ఇతర వస్తువులు లేకుండా చేసుకోగలగాలి. మూడో షరతు నెరవేరక ప్లూటో మరుగుజ్జు గ్రహమైంది.

మారింది ప్లూటో కాదు, మన అవగాహన. 2015 జులైకి ముందు అచ్చయిన పుస్తకాల్లో అదొక మసక బొమ్మ. ఆ నెలలో నాసా నౌక న్యూ హొరైజన్స్ దాని పక్కగా వెళ్తూ మంచు కొండలను, హృదయాకారపు ప్రాంతాన్ని ఫొటో తీసింది.

అందుకే పిల్లలకు పుస్తకం ఇస్తూ ముద్రణ సంవత్సరం చూపించాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఏం మారిందో, ఎందుకు మారిందో వెతకమనాలి. గ్రహాల పేర్లతో పాటు, కొత్త ఆధారం దొరికినప్పుడు శాస్త్రం తనను తాను ఎలా దిద్దుకుంటుందో కూడా వాళ్లకు తెలుస్తుంది.