క్షయకు కొత్త వైద్యం: ఆరు నెలల మాత్రలు, నెల నెలా రేషన్

ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే చాలా కుటుంబాల్లో మొదట జరిగే పని, వారి పళ్లెం, గ్లాసు వేరు చేయడం. రెండో పని, విషయం బయటికి పొక్కకుండా చూడడం. పెళ్లీడు ఆడపిల్ల ఉన్న ఇల్లయితే ఇక చెప్పనక్కర్లేదు. బంధువులు అడిగితే "నెమ్ము చేసింది" అంటారు. తెలిసినవాళ్లు చూస్తారేమోనని దగ్గర్లో ఉన్న ప్రభుత్వ దవాఖానాకు వెళ్లరు. ఎలాగో మందులు మొదలుపెట్టినా, రెండు నెలలు వాడేసరికి దగ్గు, జ్వరం తగ్గుతాయి. "నయమైంది కదా, ఇంకెందుకు" అని మాత్రలు ఆపేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

నిజానికి పళ్లెం వేరు చేయడం వల్ల ప్రయోజనం ఏమీ లేదు. పాత్రల వల్ల, బట్టల వల్ల, చేయి కలపడం వల్ల, ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తినడం వల్ల టీబీ అంటదు. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవారు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలో చేరే సూక్ష్మజీవుల వల్ల అంటుతుంది. సరైన మందులు పడితే కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఆ పళ్లెం ఎవరిది అన్నదానికంటే, అందులో ఏముంది అన్నదే ముఖ్యమని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. ఈ వ్యాసంలో రెండు మంచి వార్తలున్నాయి. ఒకటి మందులది, రెండోది తిండిది. రెండోదానిలో మనలాంటి సేవా సంస్థలకు నేరుగా భాగం ఉంది.

మందులకు ఎందుకు లొంగదు?

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో ప్రకటించాడు. అందుకే ఏటా ఆ రోజును ప్రపంచ టీబీ దినంగా జరుపుకొంటున్నాం. దాన్ని చంపే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ దొరకలేదు. ఆ మందు ఇవ్వగానే రోగులు లేచి తిరిగారు. కానీ కొన్ని నెలలకే చాలామందిలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఆ మందు పనిచేయలేదు.

కారణం ఇది. రోగి ఊపిరితిత్తుల్లో కోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో ఏవో కొన్ని పుట్టుకతోనే ఒక మందును తట్టుకునే శక్తితో ఉంటాయి. ఒక్క మందే ఇస్తే మిగిలినవన్నీ చచ్చి, ఆ కొన్ని బతికి పెరుగుతాయి. అదే మూడు నాలుగు మందులు కలిపి ఇస్తే, ఒకదాన్ని తప్పించుకున్నది ఇంకోదానికి దొరికిపోతుంది. నేటికీ మామూలు టీబీకి నాలుగు మందులతో మొదలుపెట్టి ఆరు నెలలు వైద్యం చేసేది అందుకే. మధ్యలో ఆపినా, విడిచి విడిచి వేసుకున్నా, గట్టి సూక్ష్మజీవులకు మనమే దారి చూపినట్లవుతుంది.

ఇలా ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే రెండు ముఖ్యమైన మందులకూ లొంగని దాన్ని ఎండీఆర్ టీబీ అంటారు. ఇది మందులు మానేసిన వారికి మాత్రమే వస్తుందనుకోవడం పొరపాటు. అలాంటి రోగి దగ్గు ద్వారా, ఎన్నడూ టీబీ మాత్ర వేసుకోని పసిపిల్లకు కూడా నేరుగా అంటవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచంలో సుమారు 1 కోటి 8 లక్షల మందికి కొత్తగా టీబీ వచ్చింది. వారిలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. మందులకు లొంగని టీబీలోనూ మన దేశానిదే పెద్ద వాటా.

పాత వైద్యం

పదేళ్ల కిందటి దాకా ఎండీఆర్ టీబీ వైద్యం 18 నుంచి 24 నెలలు సాగేది. రోజూ గుప్పెడు మాత్రలు. అవి చాలక మొదటి కొన్ని నెలలు కనామైసిన్ వంటి సూదిమందు. ఆ సూదితో చాలామందికి చెవుల్లో హోరు మొదలై, చివరికి వినికిడి శాశ్వతంగా పోయేది. వాంతులు, మానసిక ఆందోళన సరేసరి. రోజు కూలీ మీద బతికే మనిషి రెండేళ్లు ఈ బాధ పడి పని చేసుకోగలడా? మధ్యలో మానేసినవారిని నిందించడం తేలికే గానీ, ఆ వైద్యం తట్టుకోవడం అంత కష్టంగా ఉండేది. ఇంత చేసినా నయమయ్యేవారు ఇంచుమించు సగం మందే.

ఆరు నెలలకు ఎలా తగ్గింది?

2012 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బెడాక్విలిన్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. సుమారు నలభై ఏళ్ల తర్వాత టీబీకి వచ్చిన పూర్తిగా కొత్త రకం మందు ఇది. పాత మందుల్లో కొన్ని సూక్ష్మజీవి పైగోడను, కొన్ని దాని పెరుగుదలను దెబ్బతీస్తాయి. బెడాక్విలిన్ దాని శక్తి తయారీనే ఆపేస్తుంది. పిండిమర నడవాలంటే కరెంటు కావాలి. ఆ కరెంటు తీసేసినట్లు అన్నమాట. నిద్రాణంగా పడి ఉన్న సూక్ష్మజీవికి కూడా ఎంతో కొంత శక్తి కావాలి కాబట్టి, ఈ మందు దాన్ని సైతం చంపగలదు.

దీనికి మరో రెండు తోడయ్యాయి. ఒకటి ప్రెటోమానిడ్. లాభాపేక్ష లేని టీబీ అలయన్స్ అనే సంస్థ దీన్ని అభివృద్ధి చేసింది. 2019లో అనుమతి వచ్చింది. రెండోది లినెజోలిడ్. ఇతర ఇన్‌ఫెక్షన్లకు అంతకుముందు నుంచే వాడుతున్న మందు. ఈ మూడింటినీ కలిపి దక్షిణాఫ్రికాలో 109 మందికి ఆరు నెలలు ఇచ్చి చూశారు. అందరూ దాదాపు ఏ మందుకూ లొంగని స్థితిలో ఉన్నవారే. వారిలో 90 శాతం మందికి మంచి ఫలితం వచ్చింది. ఈ వివరాలు 2020లో ప్రచురితమయ్యాయి.

ఒక చిక్కు మిగిలింది. లినెజోలిడ్ ఎక్కువ మోతాదులో చాలామందికి కాళ్లు చేతుల తిమ్మిర్లు, రక్తహీనత తెచ్చింది. తర్వాతి పరిశోధనలో రోజు మోతాదును 1200 మిల్లీగ్రాముల నుంచి 600కు తగ్గించి చూశారు. ఫలితం తగ్గలేదు, బాధలు తగ్గాయి.

ఈ మూడింటికి మాక్సీఫ్లాక్సాసిన్‌ను చేర్చి, ఉజ్బెకిస్తాన్, బెలారస్, దక్షిణాఫ్రికాల్లో ఇంకో పెద్ద పరీక్ష జరిగింది. దీన్ని నడిపింది సరిహద్దులు లేని వైద్యుల సంస్థ ఎంఎస్ఎఫ్. కొత్త పద్ధతిలో వైద్యం విజయవంతమైనవారు 100కు 89 మంది. పాత పద్ధతిలో 52 మంది. తేడా అంత స్పష్టంగా కనబడడంతో, ఇంకా రోగులను పాత వైద్యంలో చేర్చడం తగదని 2021లో చేరికలు ముందుగానే ఆపేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వైద్యాన్ని సిఫారసు చేసింది. 2024 సెప్టెంబరులో మన కేంద్ర ఆరోగ్య శాఖ ఆమోదించింది. సూదులు లేవు. అన్నీ నోటితో వేసుకునే మాత్రలే. ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఉచితం.

ఇది అందరికీ సరిపడే వైద్యం కాదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు వేరే పద్ధతులున్నాయి. గుండె పరీక్ష, రక్త పరీక్ష, చూపు పరీక్ష మధ్య మధ్యలో చేయిస్తూ ఉండాలి. ఏది తగినదో డాక్టరే నిర్ణయించాలి.

ఇద్దరు యువతుల పోరాటం

మందు పుట్టడం ఒక ఎత్తు, అది పేదవాడికి అందడం మరో ఎత్తు. బెడాక్విలిన్‌పై ప్రధాన పేటెంటు గడువు 2023 జూలైలో ముగియాలి. తయారీ సంస్థ మందులోని ఒక లవణ రూపంపై మరో పేటెంటు కోరింది. అది దక్కి ఉంటే ఇంకొన్ని సంవత్సరాలు ఇతర కంపెనీలు దాన్ని తక్కువ ధరకు తయారుచేసే వీలుండేది కాదు.

దీనిపై అభ్యంతరం తెలిపింది పెద్ద కంపెనీలు కాదు. టీబీ నుంచి బయటపడిన ఇద్దరు యువతులు: ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే. పాత వైద్యం వల్ల ఇద్దరూ వినికిడి పోగొట్టుకున్నవారే. తమకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని 2019లో మన దేశ పేటెంటు కార్యాలయాన్ని ఆశ్రయించారు. 2023 మార్చిలో, ప్రపంచ టీబీ దినానికి ముందురోజు, ఆ పేటెంటు దరఖాస్తు తిరస్కరణకు గురైంది. అదే ఏడాది అంతర్జాతీయంగా ఈ మందు ధర సుమారు సగానికి దిగింది.

పరీక్షలో వచ్చిన మార్పు

మంచి మందు ఉన్నా, ఎవరికి ఏ మందు పనిచేస్తుందో తెలియకపోతే లాభం లేదు. పూర్వం కళ్లెను ప్రయోగశాలలో పెంచి చూసి చెప్పడానికి వారాలు పట్టేది. ఇప్పుడు సీబీ నాట్ యంత్రం సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని గుర్తించి, అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా సుమారు రెండు గంటల్లో చెబుతుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ బ్యాటరీతో నడిచే చిన్న యంత్రం. చిన్న కేంద్రాలలోనూ వాడవచ్చు. దీన్ని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది.

మరచిపోయిన తిండి

మందులు లేని రోజుల్లో టీబీకి వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, పౌష్టికాహారం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం అలాంటి చోటే. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి మంచి భోజనంతో, కొందరిని వారి పేద ఇళ్లలోనే ఉంచి, ఒకే రకం మందులు ఇచ్చారు. 1959లో వచ్చిన ఫలితాల్లో ఇద్దరికీ దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబానికి అదనంగా జబ్బు సోకలేదు. దాంతో లక్షలాది మందికి ఇంటి దగ్గరే వైద్యం అందే దారి తెరుచుకుంది. ఇది ప్రపంచానికే మేలు చేసిన పరిశోధన. అయితే మందు పడితే చాలు, తిండి అంత ముఖ్యం కాదన్న భావన కూడా దానితోపాటే స్థిరపడింది.

ఆ భావనను సరిదిద్దింది 2023 ఆగస్టులో వెలువడిన జార్ఖండ్ పరిశోధన. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవల బృందం 2,800 మంది రోగులను, వారి ఇళ్లలోని 10,345 మందిని పరిశీలించింది. రోగుల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు ఉండాల్సినదానికంటే తక్కువ బరువున్నారు. రోగులందరికీ నెలకు 10 కిలోల చొప్పున బియ్యం, వేయించిన శనగపిండి, పాలపొడి, నూనె ఇచ్చారు. సగం ఇళ్లలో మిగతా కుటుంబ సభ్యులకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు.

రేషన్ అందిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే రకం టీబీ 48 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో మరణ ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. కారణం తెలిసిందే. మన దేశంలో ఎందరి ఒంట్లోనో టీబీ సూక్ష్మజీవి నిద్రపోతూ ఉంటుంది. ఒంట్లో బలం ఉన్నంత కాలం లేవదు. అర్ధాకలితో రోగనిరోధక శక్తి తగ్గితే లేస్తుంది. బియ్యం, పప్పు ఒక టీకాలాగా పనిచేశాయని అనవచ్చు.

మనం చేయగలిగినవి

ఏటా రంజాన్‌లో మన సంస్థలు రేషన్ కిట్లు పంచుతున్నాయి. ఒక రోగి, మరో ముగ్గురు సభ్యులున్న ఇంటికి జార్ఖండ్ లెక్కన నెలకు 29.5 కిలోలు అవుతుంది. ఆరు నెలలకు 177 కిలోలు. నెలకొకసారి, ఆరు నెలలు ఆగకుండా అందాలి. ఒకేసారి పెద్ద కిట్ ఇచ్చి వదిలేస్తే ఈ ఫలితం రాదు.

1. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకంలో సంస్థలు, వ్యక్తులు పేరు నమోదు చేసుకుని, రోగుల సమ్మతితో వారికి పోషకాహారం ఇవ్వవచ్చు. జిల్లా టీబీ కార్యాలయంలో అడిగితే దారి చూపుతారు.

2. రోగులకు ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. 2024 నవంబరుకు ముందు అది 500. ఖాతా లేక, ఆధార్ కలవక ఈ డబ్బు అందనివారు ఉంటారు. వెంట వెళ్లి ఆ పని చేయించడం కూడా సేవే.

3. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం. వీటిలో ఏది కనిపించినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ బస్తీ దవాఖానాలో గానీ పరీక్ష చేయించాలి. షుగర్ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఉచిత సలహాకు 1800-11-6666 నంబరు ఉంది.

4. ఇంట్లో ఒకరికి టీబీ ఉంటే మిగిలినవారందరికీ పరీక్ష చేయించాలి. జబ్బు లేనివారికి అది రాకుండా ఇచ్చే మందులు కూడా ఉన్నాయి.

5. రంజాన్ వచ్చిందని మాత్రలు ఆపకూడదు. రోగికి రోజా నుంచి మినహాయింపు ఉంది, కోలుకున్నాక ఖజా ఉంచుకోవచ్చు. ఉండగలనా లేదా అన్నది ముందుగా డాక్టరును అడగాలి.

ప్రతి జబ్బుకూ మందు ఉందన్న మాట మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. టీబీ విషయంలో ఆ మందు ఇప్పుడు చేతికి అందింది. ఆరు నెలలు విడవకుండా మింగే ధైర్యం రోగికి ఇవ్వడం, ఆ ఆరు నెలలూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగేలా చూడడం మన వంతు. మన బస్తీలో ఈ ఏడాది ఒక్క కుటుంబంతో మొదలుపెట్టినా మంచిదే.