మనోవర్తి గడువు మరవకండి

1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసినా, మన వియ్యాలు మాత్రం సరిహద్దు దాటుతూనే ఉన్నాయి. పిల్లది తిరుత్తణి, అల్లుడిది చిత్తూరు. విడిపోయాక కోర్టు మనోవర్తి ఇమ్మంటుంది. నాలుగు నెలలు జమ అవుతుంది, తర్వాత ఆగిపోతుంది. బ్యాంకు ఉద్యోగిగా అలాంటి పాసుపుస్తకాలు చాలా చూశాను. తిరువళ్ళూరులో ఒక సోదరి పది నెలల బకాయి ఉన్నా, "ఆయనే వేస్తారులెండి" అంటూ గాజులు కుదువబెట్టి పిల్లవాడి ఫీజు కట్టింది.

ఆ ఓర్పే చేటు. బకాయికి వారంటు కోరాలంటే, అది చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షనులోనూ ఈ గడువు అలాగే ఉంది. భర్త ఏ ఊళ్ళో ఉంటే అక్కడి మేజిస్ట్రేటు ద్వారానే ఉత్తర్వు అమలు చేయించుకోవచ్చు. ఉత్తర్వు నకలు ఉచితంగా ఇస్తారు. జైలుకు వెళ్ళినంత మాత్రాన బాకీ తీరదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది.

ఖర్చులు పెరిగాయని ఆమె గానీ, ఉద్యోగం పోయిందని ఆయన గానీ మొత్తాన్ని మార్చమని 146వ సెక్షను కింద కోరవచ్చు. అంతేగాని తనంతట తానే తగ్గించి కట్టడం చెల్లదు.

అమ్మా, ప్రతినెలా పాసుపుస్తకంలో పద్దులు వేయించుకోండి. డబ్బు జమకాని నెలలకు అదే మీ సాక్ష్యం.