ఎవరి కన్నుతో చూసిన నేల?: లక్ష్మాగౌడ్ ఆక్వాటింట్ చిత్రాలు

ప్రకృతి చిత్రణ అనగానే పలాయనవాదమని కొట్టిపారేయడం మన విమర్శలో ఒక అలవాటు. కొండలూ చెట్లూ గీసేవాడికి సమాజం పట్టదని ఆ వాదన సారాంశం. అది ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి ఆక్వాటింట్ అనే ముద్రణకళ చరిత్ర తోడ్పడుతుంది. ఎందుకంటే మన నేలను ఈ పద్ధతిలో పరాయి యాత్రికులూ చిత్రించారు, మన పల్లె బిడ్డా చిత్రించాడు.

ముందుగా పద్ధతి. లోహపు రేకుకు మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆ గీతల వెంట యాసిడ్ తినేలా చేయడం ఎచింగ్. దానితో గీత వస్తుంది గాని పరుచుకున్న ఛాయ రాదు. ఛాయ కోసం రేకు మీద రోజనం పొడి సన్నగా చల్లి వేడిచేస్తారు. పొడి కరిగి రేణువులుగా అంటుకుంటుంది. యాసిడ్‌లో ముంచితే రేణువుల కింది లోహం నిలుస్తుంది, మధ్య సందులు గుంటలు పడతాయి. తెల్లగా ఉండవలసిన చోటును ముందే వార్నీషుతో కప్పుతారు. లేత ఛాయ చాలినచోట కాసేపయ్యాక కప్పి, మిగతాది మళ్ళీ ముంచుతారు. యాసిడ్ ఎంతసేపు తింటే నలుపు అంత చిక్కన. తరువాత సిరా పట్టించి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి యంత్రంలో నొక్కుతారు. మబ్బుకూ మసక వెలుతురుకూ రాతి గరుకుదనానికీ ఈ పద్ధతి అంతగా అనువైనది అందుకే.

ఇంగ్లండు నుంచి వచ్చిన థామస్ డానియెల్, అతని సోదరుని కుమారుడు విలియం 1786 నుంచి 1793 వరకు మన దేశంలో తిరిగారు. 1795–1808 మధ్య లండన్‌లో 144 ఆక్వాటింట్లతో 'ఓరియంటల్ సీనరీ' వెలువరించారు. పనితనంలో లోపం లేదు. కాని మూడో మైసూరు యుద్ధం ముగిసిన 1792లోనే వారు దక్షిణాది కొండకోటలు చూడబోయారని మరవరాదు. ఆ చిత్రాల్లో మనుషులు తరచు కట్టడం ఎత్తు తెలిపే కొలబద్దలు మాత్రమే. అదే కాలంలో, 1799లో, స్పెయిన్ చిత్రకారుడు గోయా 80 చిత్రాల 'కాప్రిచోస్'లో ఇదే నలుపును మతాధికారుల మీదా ప్రభువర్గం మీదా వ్యంగ్యంగా ప్రయోగించాడు. సాధనం ఒకటే, దృక్పథాలు వేరు.

కె. లక్ష్మాగౌడ్ 1940లో అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించారు. హైదరాబాదులో చిత్రకళ చదివి, 1963–65లో బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ శిష్యరికం చేశారు. ఆయన ఎచింగ్, ఆక్వాటింట్ చిత్రాల్లో తెలంగాణ పల్లె దూరపు దృశ్యం కాదు. గుట్ట, ముళ్ళచెట్టు, మేక, ఆడా మగా ఒకే రేణువులో, ఒకే బూడిద ఛాయలో పెనవేసుకుంటారు. మనిషి నేలకు కొలబద్ద కాడు, నేలలో భాగం. వాటిలోని నగ్నత్వాన్నీ మోహాన్నీ ఈ మట్టి వాసన నుంచి విడదీసి చూడటం పొరపాటు.

పోరాటం నేరుగా కనబడదనే అభ్యంతరం రావచ్చు. అది విస్మరించదగినది కాదు. ఒక రేకు నుంచి అనేక ప్రతులు తీయగల ఈ కళ సంతకం చేసిన కొద్ది ప్రతులుగా కళాప్రదర్శనశాలలకే చేరడం మరో వైరుధ్యం. అయినా పల్లెను పల్లెవాడి చూపుతో చూపడం చిన్న విజయం కాదు.

టేకుమట్ల పత్తిచేనునో మానేటి ఒడ్డునో వర్ణించే రచయితకు ఇందులో పాఠం ఉంది. నేలను వర్ణించడం తప్పు కాదు. దాన్ని సాగుచేసే మనిషిని కొలబద్దగా నిలబెట్టడమే తప్పు.