మోటారుసైకిలును ఎత్తి నిలుపుట

పూర్వము పల్లెలలో ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టుట చూడని బాలుడు లేడు. రైతు బండి నొకప్రక్క పై కెత్తి, ఇరుసు క్రింద ఊతకఱ్ఱను నిలిపి, శీల నూడదీసి, చక్రమును వెలుపలికి లాగి, కందెన పూసి మరల నమర్చెడివాడు. ఊత సరిగా నిలిచినదో లేదో ఒకటికి రెండుమారులు చూచుకొనిన పిమ్మటనే అతడు చక్రముపై చేయి వేసెడివాడు. ఏలన, ఊత జారినచో బండి అతని కాలిమీదనే పడును. నేడు అనేక గృహములలో ఎడ్లబండి నిలుచుచోట మోటారుసైకిలు నిలిచియున్నది. బండి మారినది కాని పనిలోని ధర్మము మారలేదు. చక్రమునకు సేవ చేయదలచినచో ముందు చక్రము నేలను విడువవలయును. విడిచిన పిమ్మట బండి పడకుండ నిలువవలయును.

మోటారుసైకిలును ఎత్తవలసిన అవసరములు పెక్కు గలవు. గొలుసును శుభ్రపరచి నూనె వేయునపుడు, దాని బిగువును సరిచూచునపుడు, చక్రము వంకరగా తిరుగుచున్నదేమో పరీక్షించునపుడు, టైరు మార్చునపుడు చక్రము గాలిలో స్వేచ్ఛగా తిరుగవలయును. అయితే ఈ బండి తేలికైనది కాదు. 1955వ సంవత్సరమున మద్రాసులో స్థాపింపబడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ మన దేశమున ప్రసిద్ధికి తెచ్చిన బుల్లెట్టు బండినే తీసికొందము. ఈనాటి 350 సి.సి. బుల్లెట్టు బరువు 190 కిలోగ్రాములకు పైబడియుండును. అనగా రెండు వడ్లబస్తాల కంటెను ఎక్కువ. ఇంతటి భారమును ఒక్క మనిషి ఇంటివద్ద ఎత్తి నిలుపుచున్నాడనిన, అది కండబలముచే కాదు, ఉపాయముచేతనే.

మొదట నిలుకడను గూర్చి తెలిసికొనవలయును. 1885లో జర్మనీ దేశమున గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాహ్ అనువారు పెట్రోలు ఇంజనుతో నడచు రెండుచక్రముల బండిని నిర్మించిరి. దాని చట్రము కొయ్యతో చేయబడినది. అది ప్రక్కకు ఒరగకుండుటకై వారు ఇరువైపుల రెండు చిన్న చక్రములను ఊతగా అమర్చిరి. కారణము స్పష్టమే. రెండు చక్రములు నేలను రెండుచోట్ల మాత్రమే తాకును. రెండు బిందువులపై ఏ వస్తువును నిలువదు, మూడు కావలయును. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలపై సహితము కదలక నిలుచుట ఇందువలననే. ఏ వస్తువునకైనను దాని బరువంతయు కేంద్రీకరించినట్లుండు ఒక స్థానము గలదు. దానిని గరిమనాభి యందురు. గరిమనాభి నుండి క్రిందికి గీచిన నిలువుగీత, ఆ మూడు బిందువుల నడుమనున్న త్రిభుజములో పడినంతకాలము వస్తువు నిలుచును. గీత త్రిభుజమును దాటిన మరుక్షణమున అది కూలును.

ప్రక్కస్టాండు బండిని ఒరిగించి నిలుపును. రెండు చక్రములును నేలమీదనే యుండును గనుక అది విశ్రాంతికే గాని మరమ్మతునకు పనికిరాదు. నడిమిస్టాండు అట్టిది కాదు. దానికి రెండు కాళ్లు గలవు. అవి చట్రము క్రింద ఇంజనుకు వెనుకగా కీలుపై తిరుగును. ఈ రెండు కాళ్లును, ఒక చక్రమును కలిసి ముక్కాలిపీట వంటి ఆధార మేర్పడును. రెండవ చక్రము గాలిలో నుండును.

నడిమిస్టాండు వేయుటలో ఒక పద్ధతి యున్నది. గేరు న్యూట్రలులో నుండవలయును. బండి స్టాండు నెక్కునపుడు కొంచెము వెనుకకు జరుగును. గేరులో నున్నచో వెనుక చక్రము కదలనీయదు. పనివాడు బండికి ఎడమప్రక్క నిలిచి, ఎడమచేత హాండిలును, కుడిచేత సీటు వెనుకనున్న కడ్డీని పట్టుకొని, కుడికాలితో స్టాండును క్రిందికి నొక్కును. రెండు కాళ్లును సమముగా నేలను తాకినట్లు తెలిసిన పిమ్మట, తన శరీరభారమంతయు ఆ కాలిపై మోపును. చేతులు బండికి దారి చూపునేగాని ఎత్తవు. చేతులతో ఎత్తబోవువానికి నడుము పట్టుకొనును; కాలితో నొక్కువానికి బండి తానే లేచివచ్చును.

అయినను ఇందొక రహస్యము గలదు. స్టాండు కాళ్లు నిట్టనిలువుగా నున్న స్థితిని కొంచెము దాటి, ఒక అడ్డువద్ద ఆగును. అందుచేతనే బండి నిలుచును. బండిని వెనుకనుండి ముందుకు త్రోసినచో కాళ్లు మరల మడతపడి బండి క్రిందికి దిగును. బిగిసిన ఇరుసు నట్టును పెద్ద పానాతో గుంజునపుడు ఇట్టి త్రోపుడే కలుగును. కావున అనుభవజ్ఞులు రెండు జాగ్రత్తలు తీసికొందురు. చక్రములు రెండును నేలపై నున్నపుడే నట్టును కొంత వదులు చేయుదురు. పిమ్మట బండి నెత్తుదురు. ఎత్తిన తరువాత స్టాండు మడతపడకుండ దానిని ముందు చక్రముతో గట్టి త్రాటితో బిగించి కట్టుదురు.

నడిమిస్టాండు లేని బండ్లును గలవు. వానికి ప్యాడాక్ స్టాండు అను ఇనుపచట్రమును వాడుదురు. ఇది మన గడ్డపాఱ వంటి మీటయే. గడ్డపాఱ మొన క్రింద చిన్నరాయి నుంచి, పై కొనను నొక్కి, పెద్దబండను దొర్లించువారిని చూడని వారుండరు. వెనుక చక్రముపై 100 కిలోగ్రాముల భారమున్నదనుకొందము. స్టాండు పొడవైన చేయి 80 సెంటీమీటర్లు, పొట్టి చేయి 10 సెంటీమీటర్లు అయినచో, పొడవు ఎనిమిది రెట్లు గనుక బలము ఎనిమిదవ వంతు చాలును. అనగా పన్నెండున్నర కిలోగ్రాముల ఒత్తిడి సరిపోవును. కాని ప్రకృతి దేనిని ఉచితముగా నీయదు. చక్రము 5 సెంటీమీటర్లు లేవవలెనన్నచో చేయి 40 సెంటీమీటర్లు దిగవలయును. ఇట్లు వెనుకభాగము నెత్తినపుడు, గేరు వేసినంత మాత్రమున బండి ఆగదు. వెనుక చక్రము గాలిలో నున్నది గదా! ముందు బ్రేకు పిడిని నొక్కి రబ్బరుపట్టీతో కట్టుటయే తగిన ఉపాయము.

కొందరు జాకీని వాడుదురు. నూనెతో పనిచేయు జాకీలో, ఫ్రాన్సు దేశీయుడైన పాస్కల్ 17వ శతాబ్దమున వివరించిన సూత్రమున్నది. మూసియున్న ద్రవముపై కలిగించిన ఒత్తిడి అన్నివైపులకును సమముగా వ్యాపించును. ఒక చదరపు సెంటీమీటరు ముషలకముపై 10 కిలోగ్రాముల భారము మోపినచో, 20 చదరపు సెంటీమీటర్ల ముషలకము 200 కిలోగ్రాములను మోయగలదు. అయితే లోపలి నూనె కారినచో జాకీ మెల్లగా దిగిపోవును. అందుచే జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. ఎత్తిన వెంటనే చట్రము క్రింద గట్టి కొయ్యదిమ్మెల నుంచవలయును. జాకీ తలకును బండికిని నడుమ ఒక కొయ్యపలక నుంచవలయును. పొగగొట్టము క్రిందను, పలుచని రేకుల క్రిందను జాకీ పెట్టరాదు; అవి వంగిపోవును. తయారుచేసినవారిచ్చిన పుస్తకములో ఎచ్చట ఆనించవలయునో చూచుకొనుట ఉత్తమము.

నేల కూడ ముఖ్యమే. వాలుగా నున్నచోట బండిని ఎత్తరాదు. మట్టినేలలో స్టాండు కాలు దిగబడును. దాని క్రింద మందమైన పలక వేయవలయును. పెట్రోలు కుళాయి యున్న బండి యైనచో దానిని కట్టివేయవలయును. ఇంజను ఆడుచుండగా గొలుసును ఎన్నడును తుడువరాదు. గొలుసునకును పండ్లచక్రమునకును నడుమ గుడ్డపేలిక చిక్కినచో, దానివెంట వ్రేలును పోవును. క్షణకాలపు తొందరపాటు వలన జీవితాంతము కలమును పట్టలేనివాడు అగుటకంటె, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు పనిచేయుట మేలు కాదా?

ఇన్ని జాగ్రత్తలు తీసికొనినను బండి ఒరుగవచ్చును. అప్పుడు దానిని పట్టుకొనబోవుట మానవస్వభావము. అదియే పెద్ద ప్రమాదము. పడుచున్న బండిని ఎవ్వరును ఆపలేరు, తొలగిపోవుటయే వివేకము. వంగిన హాండిలును సరిచేయవచ్చును, పగిలిన దీపమును కొనవచ్చును; విరిగిన కాలికి వెల లేదు. అందుచేతనే ఈ పనిని ఒంటరిగా చేయరాదు. పెద్దలు ఎత్తుచుండగా పిల్లలు దూరముగా నిలిచి చూడవలయును. నిలిచిన పిమ్మట పలకలు, పానాలు అందించుచు నేర్చుకొనవలయును.

పనికి ముందు బండిని ఒకమారు మెల్లగా కదిపి చూచుట మంచి పనివాని లక్షణము. ఊతకఱ్ఱను రెండుమారులు పరీక్షించిన ఆనాటి రైతు చేసినదియు నిదియే.