జోహన్నెస్‌బర్గ్ విమానంలో పెద్దవాళ్లు: మొహమాటం ఇంట్లో వదిలి ఎక్కండి

మన ఇళ్ల పిల్లలు ఇప్పుడు అమెరికా, ఆస్ట్రేలియాలకే కాదు, జోహన్నెస్‌బర్గ్, డర్బన్, గాబొరోన్, లుసాకాలకు కూడా ఉద్యోగాలకు వెళ్తున్నారు. కూతురి కాన్పుకో, మనవడి పుట్టువెంట్రుకలకో అమ్మానాన్నలను పిలిపించుకుంటున్నారు. టికెట్ కొనేది పిల్లలు, ఆ సీట్లో కూర్చోవలసింది అరవై, డెబ్బై దాటిన పెద్దవాళ్లు. సంఘం ఆఫీసుకు వచ్చి "అంతసేపు కూర్చోగలమా?" అని అడిగేవారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

ఈ దారి తెలుగువారికి కొత్త కాదు. మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. చెరకు తోటల పనికి ఒప్పంద కూలీలను తీసుకెళ్లిన మొదటి ఓడ అదే. ఆ తర్వాత 1911 వరకు వెళ్లినవారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ గంజాం నేడు ఒడిశాలో ఉంది, ఉత్తర ఆర్కాటు తమిళనాడులో ఉంది. వారి వారసులు 1931లో స్థాపించుకున్న ఆంధ్ర మహాసభ దక్షిణాఫ్రికాలో నేటికీ ఉంది. వాళ్లకు నెలకు పైగా పట్టిన ప్రయాణం మనకు ఒక్క రోజు. కాకపోతే ఆ ఒక్క రోజును సరిగ్గా గడపడం తెలియాలి.

లెక్క గడప నుంచి గడపకు

టికెట్ మీద ఉండే గంటలు చూసి మోసపోకండి. బెంగళూరు నుంచి దుబాయికి సుమారు 4 గంటలు, అక్కడ నిరీక్షణ 4 గంటలు, దుబాయి నుంచి జోహన్నెస్‌బర్గ్‌కు సుమారు 8 గంటలు. మొత్తం 16. దీనికి ఇంటి నుంచి విమానాశ్రయానికి 3 గంటలు, ముందుగా చేరడానికి మరో 3, దిగాక ఇమ్మిగ్రేషన్, లగేజీ, కారు ప్రయాణం కలిపి 2 గంటలు కలపండి. 24 గంటలు అవుతుంది. హోసూరు వాళ్లకు ఇది సరిపోతుంది. షోలాపూర్, బరంపురం, యానాం వాళ్లు విమానాశ్రయం చేరడానికే ఇంకా ఎక్కువ సమయం వేసుకోవాలి. ముందు రోజు రాత్రి రైల్లో కూర్చుని వచ్చి అదే అలసటతో విమానం ఎక్కవద్దు. ఒక పూట విమానాశ్రయం ఉన్న ఊళ్లోనే బంధువుల ఇంట్లో నడుం వాల్చి బయలుదేరండి.

ముంబయి నుంచి అడిస్ అబాబా మీదుగా వెళ్తే రెండు విమానాలూ దాదాపు సమానం, ఒక్కొక్కటి ఐదు, ఐదున్నర గంటలు. ఒకేసారి 8 గంటలు కూర్చోలేని మోకాళ్ల నొప్పుల వాళ్లకు ఇది కొంత తేలిక. అయితే ఈ దారిలో ఒక చిక్కు ఉంది.

యెల్లో ఫీవర్ సంగతి

ఇథియోపియా, కెన్యా యెల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉన్నాయి. అక్కడి విమానాశ్రయంలో 12 గంటలు దాటి ఆగితే దక్షిణాఫ్రికా టీకా సర్టిఫికెట్ అడుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలోనూ అడుగుతారు. సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. ఈ టీకా వేసుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. పైగా ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా కాబట్టి, అరవై దాటినవాళ్లకు మొదటిసారి వేసేటప్పుడు డాక్టర్లు ఆలోచించి వేస్తారు. అందుకని ఈ దారిలో వెళ్తే నిరీక్షణ తక్కువగా ఉన్న టికెట్ తీసుకోండి. ఎంతసేపు ఆగారో చూపడానికి బోర్డింగ్ పాసులు పారేయకుండా దాచండి. లేదా గల్ఫ్ మీదుగా వెళ్లండి. దక్షిణాఫ్రికా కాక వేరే దేశానికి వెళ్లేవాళ్లు ఆ దేశం నిబంధన విడిగా చూసుకోవాలి.

టికెట్ కొనేటప్పుడే చేయవలసినవి

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. చవకని విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ నష్టం మనదే. మధ్యలో లగేజీ దించుకోవడానికి ఆ దేశం వీసా కూడా అవసరం కావచ్చు. మారడానికి గంట, గంటన్నర పెద్దవాళ్లకు చాలదు. మూడు నాలుగు గంటలు ఉండాలి.

సీటు ముందుగానే ఎంచుకోండి. కిటికీ పక్కది కాదు, నడవ పక్కది. కొంత డబ్బు అడిగినా ఇవ్వండి. వీల్‌చైర్ కావాలని కనీసం 48 గంటల ముందు చెప్పి, టికెట్‌లో రాయించండి. నడవగలిగినా సరే, పెద్ద విమానాశ్రయాల్లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు చాలా దూరం ఉంటుంది. ఇంగ్లీషు రాని తల్లికి వీల్‌చైర్ నడిపేవాడే దారి చూపే మనిషి.

భోజనం విషయంలో ఒక మాట. "హిందూ మీల్" అని రాస్తే శాకాహారం వస్తుందని మనవాళ్లు అనుకుంటారు. అందులో కోడి, చేప, మేక మాంసం ఉండవచ్చు. శాకాహారులు "ఏషియన్ వెజిటేరియన్ మీల్" అని కనీసం 24 గంటల ముందు చెప్పాలి.

అసలు కష్టం నీళ్లు, కాళ్లు

ఎకానమీలో మన సీటుకీ ముందు సీటుకీ మధ్య కొలత 31, 32 అంగుళాలు. ఇబ్బందే, కానీ దానికంటే చెరుపు చేసేది మొహమాటం. పక్కవాళ్లను లేపాలి, బాత్రూమ్ ఎలా ఉంటుందో ఏమో అని మన ఆడవాళ్లు ముఖ్యంగా నీళ్లు తాగడం మానేస్తారు. లేవరు, కదలరు. పన్నెండు గంటలు అలాగే ముడుచుకుని కూర్చుంటారు.

విమానం లోపల గాలి చాలా పొడిగా ఉంటుంది. లోపలి గాలి ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, అంటే సుమారు ఊటీలో ఉన్నట్టు. దిగాక కూడా జోహన్నెస్‌బర్గ్ దాదాపు 5,500 అడుగుల ఎత్తులో ఉన్న ఊరు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు అక్కడ కూడా మొదటి రెండు రోజులు ఆయాసం రావచ్చు. అందుకే వాళ్లు వెళ్లే ముందు డాక్టరును కలవాలి.

కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం నిలిచి గడ్డకట్టే ప్రమాదం ఉంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఈ ముప్పు సుమారు రెండింతలు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు 6,000 మందిలో ఒకరికే వస్తుంది కాబట్టి భయపడనక్కర్లేదు. కానీ ఈ మధ్య మోకాలు, తుంటి ఆపరేషన్ అయినవాళ్లు, ఇదివరకు రక్తం గడ్డకట్టినవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా బయలుదేరకూడదు. బిగుతు మేజోళ్లు, ఆస్పిరిన్ సొంతంగా మొదలుపెట్టవద్దు.

మిగతావాళ్లు చేయవలసింది ఇంతే. గంటకోసారి మడమలు నేల మీద ఉంచి పాదాలు పైకీ కిందికీ ఆడించండి. రెండు గంటలకోసారి లేచి నడవలో రెండు చివరలకూ నడవండి. ఖాళీ సీసా తీసుకెళ్లి, సెక్యూరిటీ దాటాక నింపుకుని కొంచెం కొంచెం తాగుతూ ఉండండి. నిద్రమాత్ర వేసుకోకండి, ఒకే భంగిమలో గంటలు గడిచిపోతాయి. కాళ్లు ఉబ్బుతాయి కాబట్టి వదులు చెప్పులు వేసుకోండి.

బాత్రూమ్ తలుపు గడియ వేస్తేనే లోపల లైటు పూర్తిగా వెలుగుతుంది. లోపల కాగితమే ఉంటుంది. నీళ్లు కావాలంటే ఆ చిన్న సీసానే వాడుకోండి. ఇవి ఇంటి దగ్గరే మొదటిసారి వెళ్లేవాళ్లకు చెప్పాలి. తెలియకనే చాలామంది లేవరు.

మందులు, సామాను

మందులన్నీ చీటీతో సహా చేతి బ్యాగులోనే పెట్టండి. ఇన్సులిన్ చెక్-ఇన్ లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. అక్కడి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. మనకు రాత్రి 9 అయితే అక్కడ సాయంత్రం 5:30. అమెరికా వెళ్లినట్టు రాత్రి పగలు తారుమారు కావు. మందుల వేళలు మార్చడం ఎలాగో డాక్టరుతో ముందే రాయించుకోండి.

ఆవకాయ చేతి బ్యాగులో వద్దు, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. ఎండు కొబ్బరి చిప్పలు ఎందులోనూ వద్దు, నూనె వల్ల అంటుకునే వస్తువుగా లెక్క. కరివేపాకు మొక్క, విత్తనాలు అనుమతి లేకుండా దిగనివ్వరు. జూన్ నుంచి ఆగస్టు వరకు అక్కడ చలికాలం, స్వెట్టరు చేతి బ్యాగులో ఉండాలి. పాస్‌పోర్టులో కనీసం రెండు ఖాళీ పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి. మనవడినో మనవరాలినో వెంట తీసుకెళ్తే, పిల్లల తల్లిదండ్రుల అనుమతి పత్రం, జనన ధ్రువపత్రం తప్పక ఉండాలి.

ఒక్క కాగితం

ఒక తెల్ల కాగితం మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో పేరు, రెండు విమానాల నంబర్లు, సీటు నంబర్లు, దించుకునేవారి ఫోను, అక్కడి ఇంటి చిరునామా, ఉన్న జబ్బులు, వాడే మందులు రాయించండి. కింద "నాకు తెలుగు, ఒడియా మాత్రమే వచ్చు" అనో "తెలుగు, తమిళం వచ్చు" అనో రాయండి. ఎవరికి చూపినా పని జరుగుతుంది. రాయడం రానివాళ్లు సంఘం ఆఫీసుకు రండి, రాసి ఇస్తాం.

చేరిన తర్వాత నాలుగు వారాల లోపు ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా గ్యాస్ అనుకుని ఊరుకోకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దక్షిణాఫ్రికాలో అంబులెన్స్ నంబరు 10177, మొబైల్ నుంచి 112. ప్రైవేటు ఆసుపత్రుల ఖర్చు ఎక్కువ, కాబట్టి ఉన్న బీపీ, షుగరు దాచకుండా చెప్పి ప్రయాణ బీమా తీసుకోండి. దాచితే క్లెయిము రాదు.

పిల్లలకు ఒక మనవి. అమ్మ "నాకేం ఫర్వాలేదు నాయనా" అంటుంది. ఆ మాట నమ్మి చవక టికెట్, మధ్య సీటు కొనకండి. నడవ పక్క సీటు, వీల్‌చైర్, ఒకే టికెట్, ఈ మూడూ మీరే అడిగి పెట్టండి. తన కోసం తాను అడగడం ఆమెకు అలవాటు లేదు.