చెరువు కట్టపై చుట్టాల దావత్

వరంగల్ నుంచి వంద కిలోమీటర్ల లోపే రామప్ప, లక్నవరం, పాకాల చెరువులున్నాయి. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడిన ఓరుగల్లు కుటుంబాలు ఒకచోట కలవాలనుకున్నప్పుడు ఊరి ఇంటితో పాటు ఈ చెరువుల పేర్లూ ఇప్పుడు మాటల్లోకి వస్తున్నాయి. శనివారం మధ్యాహ్నానికి కాటేజీలకు చేరడం, రాత్రి నీళ్ల పక్కన గడపడం, ఆదివారం దావత్ తిని తిరుగుముఖం పట్టడం మామూలు పద్ధతి. ఇందులో కొత్తది రాత్రి బస ఒక్కటే. చెరువు కట్ట మీద బంధువులు కూడడం, అక్కడే వండుకుని తినడం ఈ ప్రాంతానికి ఏనాటి నుంచో ఉన్న అలవాటు.

ఈ మూడూ వాటంతట అవి ఏర్పడ్డ సరస్సులు కావు. పొలాలకు నీళ్ల కోసం కాకతీయుల కాలంలో కట్టిన చెరువులు. పాలంపేట దగ్గర గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు. దానికి కిలోమీటరు దూరంలోని చెరువూ ఆ కాలానిదే. ఊరు, గుడి, చెరువు కలిపి ఒకే పనిగా తలపెట్టడం కాకతీయ సామంతుల తీరు. గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చాక రామప్పకు వచ్చేవారు పెరిగారు. నర్సంపేట దాటాక అడవిలో ఉన్న పాకాల కూడా గణపతిదేవుని ఏలుబడిలో వెలసిందే.

ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం తీరు వేరు. చుట్టూ గుట్టలు ఉండనే ఉన్నాయి. వాటి మధ్య నీరు జారిపోయే సందులు మాత్రం మూడున్నాయి. ఆ సందులకు చిన్న చిన్న కట్టలు వేసేసరికి లోయంతా చెరువైంది. మైళ్ల కొద్దీ కట్ట పోసే శ్రమను గుట్టలే తప్పించాయి. నీరు నిండాక మునగకుండా మిగిలిన గుట్టల కొసలే నేటి దీవులు. వాటికి వేలాడే వంతెనలు వేసి, తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ కాటేజీలు కట్టింది. అంటే ఇవాళ కుటుంబాలు బస చేసే దీవి, ఎనిమిది వందల ఏళ్ల నాటి సాగునీటి లెక్కలో మిగిలిన ముక్క.

కట్ట మీద కూడడానికి పాత రోజుల్లో కారణాలు చాలానే ఉండేవి. తెలంగాణలో చాలా చెరువులకు కట్ట మైసమ్మ ఉంటుంది. చెరువు నిండి మత్తడి దుంకితే ఊరివాళ్లు ఆమెకు కోడినో యాటనో కోసి, అక్కడే పొయ్యి పెట్టి వండుకునేవారు. పెత్రమాస నాటి ఎంగిలి పూలతో మొదలయ్యే బతుకమ్మ తొమ్మిదో రోజు సద్దులతో చెరువు చేరుతుంది. ఆ పండుగకు అత్తింటి ఆడబిడ్డలు పుట్టింటికి రావడం ఆనవాయితీ కనుక, ఏటా తప్పనిసరిగా జరిగే కుటుంబ కలయిక అసలు అదే. బతుకమ్మను నీళ్లలో వదిలాక కట్ట మీద కూర్చుని పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, బెల్లం కలిపిన మలీద ముద్దలు పంచుకుంటారు. 2014లో ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఇక కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు సరేసరి. పెళ్లయిన బిడ్డకు ఒడిబియ్యం పోసేటప్పుడూ చుట్టాలంతా కలుస్తారు గానీ, ఆ తంతు ఇంట్లో జరగాల్సిందే. చెరువు ప్రయాణం దాని మర్నాటికి పెట్టుకోవచ్చు.

ఎప్పుడు వెళ్లాలన్నది నీళ్లను బట్టి, పంచాంగాన్ని బట్టి తేలుతుంది. వానాకాలం చివర చెరువు నిండుగా ఉంటుంది. యాసంగి పంటకు తూము తెరిచాక మట్టం దిగుతూ వస్తుంది. ఎండాకాలంలో దీవి చుట్టూ బురద ఒడ్డు బయటపడుతుంది. కనుక చూపుకు మంచి కాలం దసరా నుంచి సంక్రాంతి దాకా. అయితే ఆ మధ్యలోనే కార్తీకం వస్తుంది. ఆ నెలంతా నీసు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లు కార్తీకం పాటిస్తుంటే యాట కూర దావత్ పెట్టుకోవడం సబబు కాదు. ఆ నెలలో వెళ్లేవారు వనభోజనాల పద్ధతిలోనే పప్పు, పులిహోర, గారెలతో కానిస్తారు. రెండేళ్లకోసారి మాఘంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రోజుల్లో ములుగు దారులన్నీ బండ్లతో నిండిపోతాయి. 2024 ఫిబ్రవరిలో జరిగినట్టు జాతర ఉన్న ఏడాది ఆ వారం లక్నవరం ఆలోచన మానుకోవడమే మేలు, మొక్కు తీర్చుకుని వచ్చే దారిలో ఆగాలనుకుంటే తప్ప.

తిండి దగ్గరికి వస్తే ఏర్పాటంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇంటి నుంచి ఏం తేవాలి, అక్కడ ఏం వండాలి? పర్యాటక కాటేజీల్లో సాధారణంగా వంటగది ఉండదు. కాబట్టి నిల్వ ఉండేవి ముందే సిద్ధమవుతాయి. వాటిలో మొదటి పేరు సకినాలు. కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, తడిపిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలుపుతారు. ఆ ముద్దను వేళ్ల మధ్య సన్నగా మెలిపెడుతూ పరిచిన బట్ట మీద చుట్టు మీద చుట్టుగా వేస్తారు. బట్ట తడి పీల్చుకుని సకినం కొంత ఆరాకే నూనెలో వేయాలి. మెలిక సమంగా రావడం చేయి తిరిగితే గానీ సాధ్యం కాదు. ఒక్కరితో అయ్యే పనీ కాదు. అత్తాకోడళ్లు, ఆడబిడ్డలు బట్ట చుట్టూ కూర్చుంటే పూట గడిచేసరికి డబ్బాలు నిండుతాయి. కాటేజీకి చేరకముందే సగం కలయిక అక్కడ అయిపోతుందన్నా తప్పులేదు. పెళ్లి సారెలో సకినాలు పంపడం కూడా ఇక్కడి మర్యాద.

సర్వపిండి ఒక పూట ప్రయాణానికి పనికొస్తుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఉల్లికాడలు కలిపి, లోతైన గిన్నె లోపలి అడుగుకూ అంచులకూ పలచగా ఒత్తుతారు. వేలితో బెజ్జాలు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నసెగ మీద ఉంచితే అడుగు కరకరలాడుతూ, పైభాగం మెత్తగా వస్తుంది. రెండోది ఒత్తాలంటే గిన్నె చల్లారాలి, అందుకే చాలా ఇళ్లలో రెండు గిన్నెలు మార్చి మార్చి వాడతారు. శనివారం సాయంత్రం చాయ్‌తో పాటు ఇదే ముందు ఖాళీ అవుతుంది.

అక్కడే వండాల్సిన వాటిలో చేపది మొదటి స్థానం. తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను గాలి పీల్చగలదు. కొద్దిపాటి నీళ్లలో గంటల తరబడి బతికే ఉంటుంది కనుక బజారులో ప్రాణంతోనే అమ్ముతారు. చెరువుల్లో ఎక్కువగా దొరికేవి మాత్రం బొచ్చె, రవ్వ. చేపల పెంపకం, అమ్మకం మత్స్యకారుల సహకార సంఘాల చేతుల్లో ఉంటుంది. వానలకు పిల్లలను వదులుతారు, నీరు తగ్గాక వలలు వేస్తారు. అందువల్ల చెరువు కళకళలాడే నెలల్లో కన్నా ఎండాకాలంలోనే చేప దండిగా దొరుకుతుంది. చూపుకు, నోటికి ఒకేసారి మంచి కాలం రాదు. బూడిదో ఉప్పో వేసి గరుకు రాయి మీద రుద్ది కడిగిన ముక్కలకు పసుపు, కారం పట్టించి, ఉల్లిగడ్డ, మెంతులు వేగిన నూనెలో చింతపండు పులుసు మరిగాక వేస్తారు. ఆ తర్వాత గరిటె పెట్టకూడదు. ముక్క విరగకుండా గిన్నెనే పట్టుకుని తిప్పాలి. పులుసు మర్నాటికి ఇంకా రుచి తేలుతుంది, అందుకే శనివారం రాత్రి వండి ఆదివారానికి ఉంచే ఇళ్లున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం అసలు దావత్. బగారన్నం, యాట కూర లేదా నాటుకోడి, పక్కన పచ్చిపులుసు. పచ్చిపులుసును మరిగించనక్కర్లేదు: చింతపండు రసంలో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిర్చి, కొంచెం నువ్వుల పొడి, పైన తాలింపు. మసాలా కూర వేడిని తగ్గించే పని దానిది. శనివారం రాత్రికి జొన్న రొట్టె పెట్టుకునేవాళ్లు పిండి వెంట తెచ్చుకున్నా, చేత్తో తట్టగలిగినవాళ్లు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలారు. ఆ పెద్దమ్మ రాకపోతే రొట్టె ఊసే ఉండదు. కూరకు వరంగల్ చపాటా మిర్చి వేస్తే ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ, కనుక పిల్లలు కూడా తినగలరు.

ఇంత వంట ఎక్కడ చేయాలన్నది ముందే తేల్చుకోవాలి. అడవి అంచున ఎక్కడపడితే అక్కడ నిప్పు రాజేయడం ప్రమాదం. పాకాల అభయారణ్యం, అక్కడ అటవీశాఖ నిబంధనలు వర్తిస్తాయి. చాలామంది దగ్గరి ఊళ్లో వంటవాళ్లకు చెప్పి డేగిసాలతో తెప్పించుకుంటారు, లేదా బస చేసిన చోటి రెస్టారెంట్లో ముందుగా చెప్పి వండించుకుంటారు. గదుల సంగతి కూడా ఇలాంటిదే. ఒక్కో కాటేజీలో ఇద్దరు ముగ్గురికే చోటు కనుక పాతిక మంది ఉన్న కుటుంబానికి చాలా గదులు కావాలి, శని, ఆదివారాలకు అవి ముందే నిండిపోతాయి. మోకాళ్ల నొప్పులున్న తాతమ్మలకు ఊగే వంతెన మీద నడక కష్టం. వాళ్లు వచ్చే పక్షంలో లక్నవరం దీవి కన్నా ఒడ్డున దొరికే గది, లేదా గుడి చూసి చెరువు దాకా బండిలోనే వెళ్లగలిగే రామప్ప నయం. పిల్లలను పడవ ఎక్కిస్తే లైఫ్ జాకెట్ తప్పనిసరి. తూము దగ్గర లోతు పైకి కనబడదు, మత్తడి రాళ్లు పాచి పట్టి జారుతాయి. ఈత వచ్చినవాళ్లైనా ఆ రెండు చోట్లా దిగకూడదు. ఈ నీళ్లు చివరికి పొలాలకు చేరతాయి కనుక విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు, ఎముకలు సంచుల్లో కట్టి బండిలో వేసుకునే పని బయల్దేరే ముందు ఒకరికి అప్పగించాలి.