చిల్లరలో చిక్కిన అద్దపు నాణెము

గత వేసవిలో అమెరికా నుండి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు, జేబులలో మిగిలిపోయిన అచ్చటి చిల్లరను వసారాలోని బల్లపై కుమ్మరించినప్పుడు, ఆ మాసిన బిళ్ళల గుంపులో ఒక పావుడాలరు మాత్రము నా దృష్టి నాకర్షించినది. పైపైన చూచినచో అదియు తక్కినవానివలె గీతలుపడి, నిగ్గు తగ్గియే యున్నది. కాని దీపము క్రింద మెల్లగా ఒక ప్రక్కకు వంచి చూడగా, డాలర్ అను మాటలో సున్నవలె నుండు అక్షరపు కడుపున, వ్రేళ్ళ రాపిడి చొరజాలని ఆ ఇరుకు చోట, వాన వెలసిన పిమ్మట గుంటలో నిలిచిన నీటివంటి నల్లని నిగారింపు మిగిలియున్నది. భూతద్దము తెప్పించి వాషింగ్టన్ జుట్టుముడి వెనుక వెదకితిని. అచ్చట చిన్న 'ఎస్' అక్షరము గలదు.

"బట్టలుతికే మిషన్లో వేసే చిల్లర మామయ్యా అది!" అని వాడు నవ్వినాడు.

నవ్వవలసినదే. ఎందుకనగా అది వాడుకకై పుట్టిన నాణెము కాదు, ప్రూఫ్ నాణెము. తళతళలాడు ప్రతి క్రొత్త నాణెమును ప్రూఫ్ అనుట జనులలో పరిపాటియైనది గాని, ఆ మాట నాణెము యొక్క స్థితిని గాక, అది పుట్టిన విధమును తెలుపును. సామాన్య నాణెమును యంత్రము ఒక్క దెబ్బతో ముద్రించి, క్షణమైన నిలువక, సంచిలోనికి త్రోసివేయును. ప్రూఫ్ నాణెమునకైతే అచ్చులకు మెరుగుపెట్టి, లోహపు బిళ్ళకును మెరుగుపెట్టి, రెండు దెబ్బలకు తక్కువ గాకుండ నెమ్మదిగా కొట్టుదురు. అందువలన నేల అద్దమై, బొమ్మ మంచు పట్టినట్లు తెల్లనై, అక్షరముల అంచులు ఉలితో చెక్కినట్లు నిలువుగా తేలును. పుట్టుకతో వచ్చిన ఈ లక్షణము అరుగుదలవలన మరుగుపడవచ్చునే గాని మాసిపోదు. జరీ నల్లబడినను పట్టుచీర పట్టుచీరయే గదా!

పెట్టెలో భద్రముగా నుండవలసినది బజారున ఎట్లు పడినదందురా? దొంగ తెచ్చి ముఖవిలువకు ఖర్చుపెట్టవచ్చును. తాతగారి సేకరణను విలువ యెరుగని మనుమలు చిల్లరగా మార్చవచ్చును. ధర పడిపోయిన సెట్టును వర్తకుడే విప్పి వదలవచ్చును.

అమెరికా నాణెముల విషయమున గుర్తించుటకు మార్గము సులభము. 1964 వరకు ఫిలడెల్ఫియా టంకశాలలో తయారైన ఆ ప్రూఫ్ నాణెములపై సాధారణముగా టంకశాల గుర్తు ఉండెడిది కాదు. 1965 మొదలు మూడేండ్లు వానిని తయారుచేయుటయే మానివేసిరి. 1968లో ఆ పని శాన్ ఫ్రాన్సిస్కోకు మారి, 'ఎస్' అక్షరము వానిపై నిలిచినది. అప్పటినుండి 2011 వరకు ఆ గుర్తుగల పావుడాలరు దాదాపుగా ప్రూఫ్ నాణెమే. స్వాతంత్ర్య ద్విశతాబ్దికై 1776-1976 అను తేదీలతో సేకరణకర్తలకు అమ్మిన వెండి కలిసిన బిళ్ళలు మాత్రము దీనికి అపవాదములు. సెంటుబిళ్ళపై 'ఎస్' చూచి ఎగిరి గంతువేయరాదు. 1974 వరకు అవి ఆ గుర్తుతోనే సామాన్యపు చలామణికి వచ్చినవి. ఐదు సెంట్ల బిళ్ళలును 1970 వరకు అంతే.

మన దేశమున బొంబాయి టంకశాల సామాన్య నాణెములపై వజ్రపు గుర్తు వేయుచు, ప్రూఫ్ నాణెములపై 'బి' అక్షరమును, నగరము ముంబయి యైన పిమ్మట 'ఎం' అక్షరమును ముద్రించినది. రూపాయి బిళ్ళపై తేదీ క్రింద నక్షత్రము కానవచ్చినదని పరుగున వచ్చువారు నాకు తెలియును. అది మన హైదరాబాదు టంకశాల గుర్తు. చర్లపల్లిలో తయారగు సామాన్యపు చిల్లరపైనను అదియే యుండును.

గుర్తు దొరకినంతనే చింతపండు తెచ్చి తోముట మనవారి కలవాటు. ఇత్తడి చెంబునకు చేయు ఆ సేవ నాణెమునకు చేటు! మిగిలిన అద్దపు ఛాయ కాస్తయు దానితో పోవును. పైగా తోమిన సామాన్య నాణెము ప్రూఫ్ నాణెమని భ్రమ గొల్పును. అట్టిదాని మెరుపు గుంటలు మిట్టలు అను భేదము లేక అంతటను ఒకేరీతిగా నుండుటయే దాని గుట్టును బయటపెట్టును.

మా నాణెము వెనుకవైపున గుఱ్ఱపు రౌతు బొమ్మయు, 1999 అను తేదీయు నున్నవి. ఆ కాలపు ప్రూఫ్ పావుడాలర్లలో కొన్ని తొంబదిపాళ్ళు వెండితో చేసినవగుటచే మాకును కొంత ఆశ కలిగినది. వెండిది 6.25 గ్రాములు తూగును, సామాన్యలోహపుది 5.67. వీధిచివరి కంసాలి తన త్రాసుపై దానిని పెట్టగా 5.66 కనబడినది. అంతలో అతడే దానిని నిలువుగా పట్టి, అంచున నడుమ పారిన ఎఱ్ఱని రాగిచారను గోటితో చూపినాడు. వెండిదానికి అంచు అంతయు తెల్లగనే యుండును. అమ్మజూచినచో కొద్ది డాలర్లకు మించి రాదని చెప్పితిని. మేనల్లుడు దానిని తక్కిన చిల్లరలో కలుపబోయి, ఆగి, చొక్కా పైజేబులో వేరుగా వేసికొన్నాడు.